తొమ్మిదో తరగతి ఇంగ్లీష్‌లో స్టాండర్డ్ తీసుకోవాలా, హానర్స్ తీసుకోవాలా?

మీరు ఇండియా నుంచి వచ్చి రెండేళ్ళయిందనీ, డాలస్ శివార్లలో ఎనిమిదో తరగతి చదువుతున్న మీ అమ్మాయి వచ్చే ఏడాదికి సబ్జెక్టులు ఎంచుకోవలసి ఉందనీ, లెక్కలకూ సైన్సుకూ హానర్స్ (అదే సబ్జెక్టును ఇంకా లోతుగా నేర్పే తరగతి) అని నిర్ణయించుకొని ఇంగ్లీష్ దగ్గర ఆగిపోయారనీ రాశారు. మా ఇద్దరు పిల్లలూ ఇదే ప్రాంతంలోని ప్రభుత్వ పాఠశాలల్లో చదివారు. అమ్మాయి తొమ్మిది నుంచే హానర్స్‌లో ఉంది. అబ్బాయి తొమ్మిదిలో స్టాండర్డ్ చదివి, పదిలో హానర్స్‌కు మారాడు. రెండు తరగతుల హోంవర్కునూ ఏళ్ళ తరబడి దగ్గర కూర్చొని చూశాను కనుక తెలిసినంత మేరకు చెబుతాను.

స్టాండర్డ్‌ను, అంటే మామూలు స్థాయి తరగతిని, ఇక్కడ ఎక్కువగా ఆన్‌లెవెల్ అంటారు. మన వాట్సాప్ గ్రూపుల్లో ఆ మాట వినగానే అదేదో వెనుకబడిన పిల్లల తరగతి అన్నట్టు మాట్లాడతారు గానీ, అందులో నిజం లేదు. టెక్సాస్ రాష్ట్రం నిర్ణయించిన పాఠ్య ప్రమాణాలు రెండింటికీ ఒకటే. డిప్లొమాకు కావలసిన నాలుగు ఇంగ్లీష్ క్రెడిట్లు ఏ దారిలో వెళ్ళినా వస్తాయి. మా పిల్లలు ఇంగ్లీష్ 1, ఇంగ్లీష్ 2 చివర రాసిన స్టార్ అనే రాష్ట్ర పరీక్షల్లో కూడా హానర్స్ వారికి వేరే ప్రశ్నపత్రమంటూ లేదు. చదివే పుస్తకాలు సైతం కొంతవరకు కలుస్తాయి. తొమ్మిదిలో షేక్స్‌పియర్ నాటకం ఇద్దరూ చదివారు.

అసలు తేడా ఆ నాటకం గురించి ఏమి రాయమన్నారన్న దానిలో ఉంది. మా అబ్బాయికి స్టాండర్డ్ తరగతిలో వచ్చిన ప్రశ్న ఒక పాత్ర తొందరపాటు వలన ఏమి జరిగిందో వివరించమని. దానితో పాటు మూడు సన్నివేశాలు సూచించి, ప్రతిపాదన (వ్యాసం నిరూపించబోయే ముఖ్యమైన మాట) ఎక్కడ రాయాలో, ఉదాహరణ ఎక్కడ పెట్టాలో గళ్ళు గీసిన కాగితం ఒకటి ఇచ్చారు. ఒక్కొక్క పేరా రాసి చూపిస్తే దిద్ది ఇచ్చి, తరువాతి పేరాకు పంపేవారు. అమ్మాయికి హానర్స్‌లో వచ్చిన ప్రశ్న వేరు: ఒకే సంభాషణను తీసుకొని, రచయిత ఎంచుకున్న పదాలూ పోలికలూ వాక్యాల నిడివీ కలిసి ఆ సన్నివేశానికి ఏ స్వరాన్ని ఇస్తున్నాయో నిరూపించమన్నారు. ఆధారాలు ఎక్కడ ఉన్నాయో ఎవరూ చెప్పలేదు, గళ్ళ కాగితమూ లేదు, గడువు తేదీ మాత్రం ఉంది. హానర్స్ అంటే పని ఎక్కువ అని అందరూ అంటారు. పని కొంత ఎక్కువే, వేసవి సెలవుల్లో చదవవలసిన పుస్తకం కూడా ఉంటుంది. కానీ పిల్లలను తడబాటుకు గురిచేసేది పని బరువు కంటే, దారి చూపే మనిషి పక్కన లేకుండా సొంతంగా ఒక వాదం కట్టవలసి రావడం.

ఇండియాలో కొంతకాలం చదివి వచ్చిన పిల్లలకు ఈ విషయంలో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంటుంది. వారి వ్యాకరణం తరచుగా ఇక్కడి పిల్లల కంటే బాగుంటుంది, స్పెల్లింగ్ తప్పులు తక్కువ, చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. అది చూసి తల్లిదండ్రులు ఇంగ్లీష్ వచ్చేసిందనుకుంటారు. మనం వ్యాసం అంటే గైడులోది కంఠస్థం చేసి రాసినవాళ్ళం కదా. ఇక్కడి వ్యాసానికి మార్కులు ఎలా వేస్తారో చూస్తే విషయం బోధపడుతుంది. పదకొండో తరగతిలో చాలామంది తీసుకొనే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) ఇంగ్లీష్ లాంగ్వేజ్ పరీక్షలో ఒక్కో వ్యాసానికి 6 మార్కులు: స్పష్టమైన ప్రతిపాదనకు 1, ఆధారాలకూ వాటిపై వ్యాఖ్యానానికీ 4, ఆలోచనలోని లోతుకు 1. వ్యాకరణానికని విడిగా ఒక్క మార్కు కూడా లేదు. అటువంటి వ్యాసాలు మూడు, ఒక్కొక్కటి సుమారు 40 నిమిషాల్లో రాయాలి. తొమ్మిదో తరగతి హానర్స్ ఉపాధ్యాయులు ఈ పరీక్షను దృష్టిలో పెట్టుకొనే క్లాసులో గడియారం పెట్టి రాయిస్తుంటారు.

స్టాండర్డ్ తరగతి గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. చదవడం ఇష్టమున్నవారూ, బొత్తిగా లేనివారూ ఒకే గదిలో ఉంటారు కాబట్టి పాఠం నెమ్మదిగా నడుస్తుంది. మా అబ్బాయి కొన్ని రోజులు విసుగ్గా ఇంటికి వచ్చేవాడు. అయితే ఒక్కొక్క వాక్యం పక్కనా ‘ఇది ఎందుకు?’ అని రాసి వెనక్కు పంపిన ఉపాధ్యాయురాలు కూడా అతనికి ఆ తరగతిలోనే దొరికారు. వాడి రచన కుదుటపడింది ఆ ఏడాదే అని నా అభిప్రాయం.

జీపీఏ (గ్రేడ్ల సగటు, తరగతిలో ర్యాంకు దీన్ని బట్టే వస్తుంది) సంగతి మీరు ప్రత్యేకంగా అడిగారు. టెక్సాస్‌లో 1997 నాటి చట్టం ప్రకారం తరగతిలో మొదటి 10 శాతంలో ఉన్న విద్యార్థులకు రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో నేరుగా ప్రవేశం ఉంటుంది. ఆస్టిన్‌లోని యూటీకి (యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్‌కు) మాత్రం మొదటి 10 శాతంలో ఉంటే చాలదు, ఇంకా పైన ఉండాలి. అందుకే ఇక్కడ ర్యాంకు గురించి ఇంత ఆందోళన. ర్యాంకు లెక్కలో హానర్స్‌కు ఎంత అదనంగా కలపాలన్నది స్థానిక పాఠశాలలను నడిపే స్కూల్ డిస్ట్రిక్టు ఇష్టం. ఉదాహరణకు అర పాయింటు కలిపే చోట హానర్స్‌లో ఏ వస్తే 4.5, బీ వస్తే 3.5; స్టాండర్డ్‌లో ఏ వస్తే 4.0. అంటే హానర్స్‌లో బీ తెచ్చుకునే పరిస్థితి ఉంటే ర్యాంకు కోసం హానర్స్ అన్న వాదన నిలబడదు. మీ డిస్ట్రిక్టు లెక్కను కోర్సు కేటలాగులో చూడండి.

లెక్కల్లో ఒక మెట్టు తప్పితే పైమెట్టు అందుకోవడం కష్టం కనుక మనవాళ్ళు ఇంగ్లీష్‌నూ అలాగే ఊహించుకుంటారు. ఇంగ్లీష్ అలా కాదు. ఏ ఏడాదికి ఆ ఏడాది స్థాయి మార్చుకునే వీలు సాధారణంగా ఉంటుంది. ఏపీ ఇంగ్లీష్ లాంగ్వేజ్‌కు ముందుగా ఫలానా కోర్సు చదివి ఉండాలన్న షరతును ఏపీ పరీక్షలు నడిపే కాలేజ్ బోర్డు పెట్టలేదు. మా అబ్బాయి పదిలో మారినప్పుడు మొదటి గ్రేడింగ్ కాలమంతా రాసే వేగం చాలక ఇబ్బంది పడ్డాడు, ఆ తరువాత సర్దుకున్నాడు. ఏపీ వద్దనుకునేవారికి కమ్యూనిటీ కాలేజీతో కలిపి నడిపే, హైస్కూలుకూ కాలేజీకీ రెండింటికీ క్రెడిట్ వచ్చే డ్యూయల్ క్రెడిట్ ఇంగ్లీష్ అనే మరో దారి చాలా పాఠశాలల్లో ఉంది.

ఇక మీ అమ్మాయి విషయం. ఇంట్లో మాట్లాడే భాష తెలుగు అని చేరేటప్పుడు రాసి ఉంటారు కాబట్టి ఆమెకు ఇంగ్లీష్ పరీక్ష పెట్టే ఉంటారు; ఈఎస్‌ఎల్ (ఇంగ్లీష్ మాతృభాష కాని పిల్లలకు ఇచ్చే) సహాయం ఇంకా అందుతూ ఉంటే అది హైస్కూల్లో ఎలా కొనసాగుతుందో ముందు అడగండి. తరువాత ఒక ఆదివారం పత్రికలోని అభిప్రాయ వ్యాసం ఒకటి చేతికిచ్చి, రచయితతో ఏకీభవిస్తుందో లేదో 40 నిమిషాల్లో రాయమనండి. వాక్యాల్లో తప్పులు వెతకకండి. తనదంటూ ఒక మాట చెప్పిందా, దానికి వ్యాసంలోంచి ఆధారం తీసిందా, ఆ ఆధారం తన మాటను ఎలా బలపరుస్తుందో వివరించిందా అన్నవే చూడండి. వీటిలో రెండు ఉండి, ఎవరూ చెప్పకుండానే పుస్తకాలు చదివే అలవాటు కూడా ఉంటే హానర్స్‌లో చేర్చమంటాను. వ్యాసంలో ఉన్నదాన్నే తిరిగి చెప్పి ఊరుకుంటే, తొమ్మిది స్టాండర్డ్‌లో చదివించి, పదికి మళ్ళీ ఆలోచించమంటాను. ఎనిమిదో తరగతి ఇంగ్లీష్ టీచర్ సిఫారసు మీ అంచనాకు భిన్నంగా ఉంటే కారణం అడగండి, ఆమె రాతను మీకంటే ఎక్కువ చూసింది వారే.

కౌన్సెలర్‌ను కలిసినప్పుడు రెండు విషయాలు ఖాయం చేసుకోండి: హానర్స్ నుంచి స్టాండర్డ్‌కు దిగడానికి చివరి తేదీ ఏది, అప్పటివరకు వచ్చిన గ్రేడును కొత్త తరగతికి ఉన్నదున్నట్టు తీసుకువెళతారా, సవరించి కలుపుతారా. ఆ జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకుంటే, సెప్టెంబరులో తరగతి మార్చవలసి వస్తే పనికొస్తుంది.