సొంత కారులో ఆల్ప్స్‌కి స్కీయింగ్ ప్లానా? గుండ్రటి స్టిక్కర్ సంగతి ముందు చూడండి

డిసెంబర్ దగ్గర పడుతోందంటే యూకేలో కొత్తగా సెటిలైన మనవాళ్ళ ఇళ్ళల్లో ఒకటే లెక్కలు, ఫ్లైట్ టికెట్లు మండిపోతున్నాయి, పిల్లలతో కలిపి నలుగురం, లగేజీ బోలెడు, ఎలాగూ కారుంది కదా ఫోక్‌స్టోన్‌లో సముద్రం కింద పోయే రైలెక్కించేస్తే 35 నిమిషాల్లో ఫ్రాన్స్ ఒడ్డున ఉన్న కాలే ఊరు, అక్కడ్నించి ఫ్రాన్స్ మీదుగా కొండలదాకా డ్రైవ్ చేసుకుంటూ పోదాం అని. మంచి ప్లానే, నేనూ అదే చేస్తాను, పిల్లలకి ఆ ప్రయాణమే సగం సంబరం. కాకపోతే ప్రతి ఏడాదీ నాకొచ్చే మెసేజ్‌లు చూస్తే అందరూ ఒకేచోట తికమక పడుతున్నారు. "అన్నా, క్రిటేర్ స్టిక్కర్ తీసుకున్నాం, ఇంక చైన్లు అక్కర్లేదుగా?" అని ఒకరు, "స్విస్ స్టిక్కర్ ఉంది, ఫ్రాన్స్‌లో కూడా పనికొస్తుందా?" అని ఇంకొకరు. క్రిటేర్ అంటే ఫ్రాన్స్ వాళ్ళ పొల్యూషన్ స్టిక్కర్, చైన్లు మంచులో టైర్లకి చుట్టేవి, స్విస్ స్టిక్కర్ హైవే డబ్బులది.

ముందు ఇది విడదీసి పెట్టుకోండి. గాలి కోసం ఒక రూలు, మంచు కోసం ఒక రూలు, హైవే డబ్బుల కోసం ఒక రూలు. ఈ మూడూ మూడు వేర్వేరు సంగతులు, ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టు కాదు. గాలిది కారు పుట్టుకని బట్టి, మంచుది టైర్లని బట్టి, డబ్బులది మీరు ఏ దేశం హైవే ఎక్కుతున్నారన్న దాన్ని బట్టి. మూడింటినీ కలిపి "యూరప్ స్టిక్కర్" అని ఎవరైనా అమ్ముతుంటే ఆ పేజీ మూసెయ్యండి, అలాంటిదేమీ లేదు.

ఫ్రాన్స్‌లో గాలి రూలు పేరు క్రిటేర్. గుండ్రటి చిన్న స్టిక్కర్, రంగు బట్టి మీ కారు ఎంత పొగ వదిలే రకమో పోలీసుకి దూరం నుంచే తెలుస్తుంది. మన దగ్గర పెట్రోల్ బంకు పక్కన వ్యాన్‌లో సైలెన్సర్‌కి గొట్టం పెట్టి ఇచ్చే పొల్యూషన్ సర్టిఫికెట్ లాంటిదే అనుకుంటారు చాలామంది, కాదు. ఇండియాలో బండిని టెస్ట్ చేసి ఇస్తారు, ఆరునెలలకో ఏడాదికో మళ్ళీ చేయించాలి. క్రిటేర్‌లో ఎవరూ మీ కారు ముట్టుకోరు, పెట్రోలా డీజిలా, యూరో ఎన్నో స్టాండర్డ్, మొదట ఎప్పుడు రిజిస్టర్ అయింది, అంతే చూస్తారు. మీరు ఎంత బాగా సర్వీసింగ్ చేయించినా 2008 డీజిల్ కారు 2008 డీజిల్ కారే. యూరో అంటే కంగారు పడక్కర్లేదు, మన బీఎస్ 4, బీఎస్ 6 అన్నవి ఆ యూరో పద్ధతిని చూసి పెట్టుకున్నవే.

తరగతులు ఇలా ఉంటాయి. పూర్తి ఎలక్ట్రిక్ అయితే ఆకుపచ్చ. 2011 నుంచి వచ్చిన పెట్రోల్ కార్లు, ప్లగ్-ఇన్ హైబ్రిడ్లు 1వ నంబర్, ఊదా రంగు. 2006 నుంచి 2010 దాకా పెట్రోల్, 2011 తర్వాత డీజిల్ అయితే 2వ నంబర్, పసుపు. అంటే నిన్న షోరూమ్ నుంచి తెచ్చిన డీజిల్ కారుకి కూడా 2 కన్నా మంచిది రాదు, అది గుర్తుపెట్టుకోండి. 2006 నుంచి 2010 మధ్య డీజిల్, 1997 నుంచి 2005 మధ్య పెట్రోల్ 3వ నంబర్, ఆరెంజ్. అక్కడ్నించి కిందకి 4, 5 పాత డీజిళ్ళవి, ఇంకా పాతవాటికి అసలు స్టిక్కరే ఇవ్వరు.

లండన్ చుట్టుపక్కల ఉండేవాళ్ళకి ఒక సులువైన కొలత ఉంది. మీ కారుకి యూలెజ్ ఛార్జ్, అంటే పొగ ఎక్కువ వదిలే కార్లకి లండన్‌లో వేసే ఛార్జ్, పడట్లేదా? పెట్రోల్‌కి యూరో 4, డీజిల్‌కి యూరో 6 ఉంటేనే యూలెజ్ 12.50 పౌండ్లు పడవు, అంటే అలాంటి కారుకి మామూలుగా క్రిటేర్ 2 గానీ 1 గానీ వచ్చేస్తుంది. కాకపోతే యూలెజ్‌కి అలవాటుపడ్డ మనకి ఒక పొరపాటు ఆలోచన వస్తుంది, కెమెరా నంబర్ ప్లేట్ చూసుకుంటుందిలే, కారు మంచిదైతే చాలు అని. ఫ్రాన్స్‌లో అలా కుదరదు, కారు ఎంత మంచిదైనా అద్దం మీద స్టిక్కర్ లేకపోతే గాలి కోసం ఆంక్షలు పెట్టిన ఊళ్ళలో, అంటే జోన్‌లో తిరగడం తప్పే, మామూలు కారుకి 68 యూరోల ఫైన్. ఎలక్ట్రిక్ కారు వాళ్ళు "మాకెందుకు" అంటారు, మీకూ కావాలి!

ఇంక ఎక్కడ కావాలి అన్నది. స్కీ రిసార్ట్‌లో ఎవరూ దాన్ని అడగరు, అది దారిలో తగిలే ఊళ్ళకి. 2025 నాటికి పారిస్ అయితే ఏ86 రింగు రోడ్డు లోపలంతా జోన్, లియాన్, గ్రనోబుల్ కూడా, 2025 జనవరి నుంచి ఈ మూడింట్లోనూ 3వ నంబర్ కార్లకి కూడా రూలు బిగించారు. అందుకే నా సలహా, పారిస్ జోలికి అసలు పోవద్దు, ఐఫిల్ టవర్ పిల్లలకి చూపిద్దాం అని దారి మళ్ళిస్తే ఆ ట్రాఫిక్‌లో సగం రోజు పోతుంది. కాలే నుంచి ఏ26 మీద రాన్స్, త్రువా, అక్కడ్నించి దిజోన్ వైపు, తర్వాత ఏ39 మీద బూర్-కాన్-బ్రెస్. షామొనీ, మోర్జీన్ వైపు వెళ్ళేవాళ్ళు ఏ40 పట్టుకుంటే చాలు. వాల్ తొరాన్స్, కూర్షెవెల్, తీన్య్ వైపు వెళ్ళేవాళ్ళు లియాన్ సిటీలోకి దిగకుండా ఎయిర్‌పోర్ట్ పక్కనుంచి పోయే ఏ432 పట్టుకుని ఏ43 మీద షాంబెరీ, ఆల్బెర్‌విల్ చేరొచ్చు. సాట్‌నావ్‌కి ఇవన్నీ పట్టవు, రెండు నిమిషాలు కలిసొస్తాయంటే ఊరి నడిబొడ్డు నుంచి తీసుకెళ్తుంది, అందుకని బయల్దేరేముందు రూట్ మీరే ఒకసారి వేలు పెట్టి చూసుకోండి.

అయితే ఇలా జోన్లన్నీ తప్పించుకుని వెళ్తాం కదా, స్టిక్కర్ ఎందుకు అనకండి. ఈ ఒక్క ముక్క చెప్పడానికే ఇంత రాస్తున్నాను. పెద్ద ఊళ్ళలో ఎప్పుడూ ఉండే జోన్లు కాకుండా, గాలి బాగా పాడైన రోజుల్లో మాత్రమే మొదలయ్యే తాత్కాలిక జోన్లున్నాయి, అవి కొండల్లోనే ఉన్నాయి. ఆర్వ్ లోయ అంటారు, క్లూజ్, సలాంష్, పాస్సీ మీదుగా షామొనీకి పోయే దారంతా అదే. మోంబ్లా కొండ కింద, తెల్లటి మంచు, అక్కడ పొల్యూషన్ ఏంటి అనిపిస్తుంది, కానీ చలికాలంలో ఫ్రాన్స్ మొత్తం మీద గాలి బాగా పాడయ్యే చోట్లలో అదొకటి. శీతాకాలంలో ఎండ సరిగ్గా దిగదు, చల్లగాలి బరువుగా లోయ అడుగున కూర్చుంటుంది, పైన వెచ్చటి గాలి గిన్నె మీద మూతలా పడుతుంది, దాంతో ఇళ్ళల్లో కట్టెల పొయ్యిల పొగ, మోంబ్లా టన్నెల్‌కి పోయే లారీల పొగ, స్కీయింగ్‌కి వచ్చే మనలాంటి వాళ్ళ కార్ల పొగ అన్నీ కిందే ఉండిపోతాయి. కట్టెల పొగదే అందులో పెద్ద వాటా. పైన రిసార్ట్‌లో నీలం ఆకాశం కింద మనం ఫొటోలు దిగుతుంటే కింద ఊళ్ళో పిల్లలు ఆ గాలే పీలుస్తూ స్కూలుకి పోతుంటారు, మనం వారం ఉండి వచ్చేస్తాం, వాళ్ళక్కడే ఉండాలి. నాకైతే ఈ సంగతి తెలిశాక ఆ స్టిక్కర్ ఫైన్ తప్పించుకునే కాగితంలా అనిపించలేదు.

అలాంటి రోజుల్లో ప్రిఫెక్ట్, అంటే మన కలెక్టర్ లాంటి అధికారి, ఆర్డర్ వేస్తే స్పీడ్ లిమిట్ గంటకి 20 కిలోమీటర్లు తగ్గిపోతుంది, ఇంకా ముదిరితే ఫలానా నంబర్ల స్టిక్కర్లున్న కార్లే తిరగాలి అంటారు. ఆన్సీ ఊరికీ ఇలాంటిదే ఉంది. గాలి ఎప్పుడు పాడవుతుందో నెల ముందు ఎవరూ చెప్పలేరు, స్టిక్కర్ మాత్రం అప్పటికప్పుడు పోస్టులో రాదు.

2025 మే నెలలో ఫ్రాన్స్ నేషనల్ అసెంబ్లీలో ఊళ్ళలో ఉండే జోన్లు ఎత్తెయ్యాలని ఓటు పడింది, అప్పట్నించి వాట్సాప్ గ్రూపుల్లో "క్రిటేర్ రద్దు, ఎవరూ కొనకండి" అని ఫార్వర్డ్‌లు తిరుగుతున్నాయి. ఒక ఓటుతోనే రూలు పోదు, పైగా పొల్యూషన్ రోజుల్లో వేసే ఆంక్షలు వేరే రూలు కింద వస్తాయి. బయల్దేరే వారంలో ఆ జోన్లు ఇంకా ఉన్నాయో లేదో మీరు దాటే ఊళ్ళ పేర్లు పెట్టి అధికారిక సైట్‌లో చూసుకోండి, స్టిక్కర్ మాత్రం తీసి పెట్టుకోండి, ఇంగ్లండ్‌కి పోస్టేజీతో కలిపి సుమారు 5 యూరోలే.

ఆ 5 యూరోలన్న మాట దగ్గరే చాలామంది మోసపోతున్నారు. గూగుల్‌లో కొడితే పైన యాడ్స్‌లో వచ్చేవి చాలావరకు దళారీ సైట్లు, చూడటానికి ఫ్రెంచ్ జెండా, గవర్నమెంట్ రంగులు, ఇరవై ముప్పై పౌండ్లు లాగేస్తారు. అసలు సైట్ అడ్రస్ చివర జీ-ఓ-యూ-వీ డాట్ ఎఫ్‌ఆర్ అని ఉంటుంది, ఇంగ్లిష్‌లో కూడా ఉంది. కారు నంబర్, మొదటి రిజిస్ట్రేషన్ తేదీ, ఇంధనం, యూరో స్టాండర్డ్ అడుగుతుంది, ఇవన్నీ మామూలుగా మీ వీ5సీ లాగ్‌బుక్‌లోనే, అంటే మన ఆర్‌సీ లాంటి కాగితంలోనే ఉంటాయి, యూరో స్టాండర్డ్ వీ.9 అన్న గడిలో చూడండి. లాగ్‌బుక్ ఫొటో అప్‌లోడ్ చెయ్యాలి, ఫైల్ సైజు ఎక్కువైతే తీసుకోదు, ఫోన్‌లో తీసిన ఫొటోని కాస్త కుదించి పెట్టండి. కారు కొత్తగా కొనుక్కున్నవాళ్ళు జాగ్రత్త, వీ5సీ మీ పేరు మీద రావడానికే కొన్ని వారాలు పట్టొచ్చు, ఆ కాగితం బోర్డర్ దాటేటప్పుడు కూడా దగ్గరుండాలి, కాబట్టి డిసెంబర్ ట్రిప్పుకి నవంబర్ మొదట్లోనే కదలండి. స్టిక్కర్ చేతికి రాకపోతే మెయిల్‌లో వచ్చిన పత్రం ప్రింట్ తీసి కారులో పెట్టుకోండి.

మంచు రూలు చూద్దాం. ఫ్రాన్స్‌లో 2021 నుంచి ప్రతి ఏడాదీ నవంబర్ 1 నుంచి మార్చి 31 దాకా కొండ జిల్లాల్లో, బోర్డు పెట్టిన చోట్ల, నాలుగు వింటర్ టైర్లు అయినా ఉండాలి, లేదా చైన్లు గానీ గుడ్డతో చేసిన స్నో సాక్స్ గానీ డిక్కీలో ఉండాలి. రోడ్డు మీద మంచు లేకపోయినా సరే. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచు రేకు గుర్తు ఉందో లేదో చూడండి, 2024 నవంబర్ నుంచి ఆ గుర్తుంటేనే వింటర్ టైరు కింద లెక్క, ఉత్త ఎం+ఎస్ అని ఉంటే చెల్లదు. ఆల్-సీజన్ టైర్లలో చాలావాటికి ఆ గుర్తుంటుంది. చైన్లు కొంటే ఇంటి ముందు ఒకసారి ఎక్కించి తీసి చూడండి, రాత్రిపూట మంచు పడుతుండగా చేతులు కొంకర్లు పోతూ, వెనక కార్ల హారన్ల మధ్య మొదటిసారి నేర్చుకునే పని కాదది. డీజిల్ కారైతే కొండ కింద ఊళ్ళో ట్యాంక్ నింపండి, అక్కడ అమ్మేది చలికి గడ్డకట్టని రకం.

స్విట్జర్లాండ్ హైవే ఎక్కితే విన్యెట్, అంటే హైవే డబ్బులు కట్టినట్టు చూపే స్టిక్కర్ కావాలి, 40 ఫ్రాంకులు, ఏడాదికే అమ్ముతారు, వారానికి విడిగా ఉండదు, ఇప్పుడు ఆన్‌లైన్‌లో నంబర్ ప్లేట్ మీదే తీసుకోవచ్చు, లేకపోతే 200 ఫ్రాంకులు ఫైన్. ఇది హైవే డబ్బులు మాత్రమే. జెనీవా ఊరికి మళ్ళీ పొల్యూషన్ రోజుల్లో వేరే గాలి స్టిక్కర్ ఉంది, అయితే క్రిటేర్ ఉంటే అక్కడ ఒప్పుకుంటారు.

ఫ్లైట్‌లో జెనీవా దిగి కారు అద్దెకి తీసుకునేవాళ్ళు ఇది చూసుకోండి. ఆ ఎయిర్‌పోర్ట్‌కి ఫ్రెంచ్ వైపు, స్విస్ వైపు అని రెండున్నాయి. ఫ్రెంచ్ వైపు కారు చవగ్గా కనిపిస్తుంది, కానీ దానికి స్విస్ విన్యెట్ ఉండకపోవచ్చు, వింటర్ టైర్లు విడిగా అడగాల్సి రావచ్చు. స్విస్ వైపు కారుకి మామూలుగా విన్యెట్, చలికాలంలో వింటర్ టైర్లు ఉంటాయి, క్రిటేర్ ఉందో లేదో అడగాలి. ఏ వైపు తీసుకుంటే ఆ వైపే తిరిగి ఇవ్వాలి, తిరుగు ప్రయాణంలో ఫెర్నే-వోల్తేర్ మీదుగా ఫ్రెంచ్ వైపుకి దారి వెతుక్కుంటూ ఫ్లైట్ టైమ్ దగ్గర పడిన కుటుంబాలు నాకు తెలుసు.

జర్మనీ మీదుగా ఆస్ట్రియా పోయేవాళ్ళకి అక్కడ ఆకుపచ్చ స్టిక్కర్ వేరే, ఊళ్ళోకి దిగితేనే కావాలి, లేకపోతే 100 యూరోలు. ఫ్రాన్స్‌ది జర్మనీలో చెల్లదు, జర్మనీది ఫ్రాన్స్‌లో చెల్లదు. ఆస్ట్రియాలో టిరోల్ వైపు ఏ12 మీద ఐజీ-ఎల్ అని బోర్డుతో 100 స్పీడ్ లిమిట్ కనిపిస్తే అది కూడా గాలి కోసం పెట్టిందే, రోడ్డు ఖాళీగా ఉంది కదా అని తొక్కకండి.

ఇండియన్ పాస్‌పోర్ట్ వాళ్ళకి షెంగెన్ వీసా సంగతి తెలిసిందే, ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో అక్కడే అప్లై చెయ్యాలి, స్లాట్లు స్టిక్కర్ కన్నా ముందే అయిపోతాయి. ఇంకా ఇండియన్ లైసెన్స్ మీదే నడుపుతున్నవాళ్ళు యూకేలో మొదటి 12 నెలలు నడపొచ్చు గానీ, ఆ లైసెన్స్‌తో ఫ్రాన్స్‌లో మీ ఇన్సూరెన్స్ పనిచేస్తుందో లేదో వాళ్ళనే అడిగి రాతపూర్వకంగా తీసుకోండి, ఇంటర్నేషనల్ పర్మిట్ మన ఆర్టీఏ ఆఫీసులో ఇస్తారు, ఇండియా వెళ్ళినప్పుడు చేయించుకుంటే మేలు. నన్నడిగితే యూకే లైసెన్స్ వచ్చాకే ఈ ట్రిప్ పెట్టుకోండి, ఎడమ నుంచి కుడికి మారి, మంచులో, కొండ మలుపుల్లో నడపడం అంటే మొదటి ఏడాది చెయ్యాల్సిన పని కాదు.

స్టిక్కర్ వచ్చాక ముందు అద్దానికి లోపలి వైపు, కుడి పక్క కింద మూల అంటించండి, మన యూకే కారులో అది డ్రైవర్ వైపు. ఒకసారి తీసుకుంటే ఆ కారు ఉన్నన్నాళ్ళూ చెల్లుతుంది, ఏడాదికోసారి కొనే పని లేదు. అద్దం పగిలి మార్పిస్తే మాత్రం మళ్ళీ అప్లై చెయ్యాలి, కారు మార్చినా అంతే, పాతది పీకి కొత్త కారుకి అంటిస్తే కుదరదు, దాని మీద నంబర్ ప్లేట్ నంబర్ అచ్చేసి ఉంటుంది.