వారానికి రెండుసార్లు పైపు: అసలు ఖర్చు ఎంత?

ప్రశ్న: నా వయసు 47. ఒంగోలులో ఉద్యోగం చేస్తున్నాను, భార్యాబిడ్డలు ఉన్నారు. ఇరవై ఏళ్లకు పైగా రోజుకు పది సిగరెట్లు కాల్చాను. ఒక్కొక్కటి 20 రూపాయల చొప్పున నెలకు 6 వేలు అయ్యేది. పద్నాలుగు నెలల క్రితం వాటిని పూర్తిగా మానేశాను. ఆ తరువాత పొగాకు నింపి తాగే పైపు నేర్చుకున్నాను. శని, ఆదివారాల సాయంత్రం ఒక్కొక్కసారి మాత్రమే తాగుతాను. 50 గ్రాముల విదేశీ పొగాకు డబ్బా 3 వేలకు కొంటున్నాను. మునుపటి కంగారు తగ్గింది, నిదానం అలవడింది, క్రెడిట్ కార్డు బకాయిలు కూడా తీర్చేశాను. మిగులుతున్న డబ్బును ఎలా మదుపు చేయాలి? కోటి రూపాయల టర్మ్ పాలసీకి (గడువులోపు మనిషి పోతేనే కుటుంబానికి డబ్బు వచ్చే జీవిత బీమా) పొగ తాగనివారికైతే ఏడాదికి 24 వేలు, తాగేవారికైతే 38 వేలు అంటున్నారు. వారానికి రెండుసార్లే కనుక ‘తాగను’ అని రాసేయమని ఏజెంటు చెబుతున్నారు. అలా రాయవచ్చా? బోనసుతో 45 వేల రూపాయల బ్రయర్ కర్ర పైపు కొంటే అది పెట్టుబడి అవుతుందా?

జవాబు: మీ భార్యాబిడ్డలకు సంబంధించినది కనుక ముందు బీమా సంగతి చెబుతాను. ఏజెంటు చెప్పినట్లు రాయకండి. బీమా కోసం నింపే ప్రపోజల్ ఫారంలో ఉండే ప్రశ్న మీరు ఎంత తాగుతారన్న దగ్గర మొదలవదు. గత 12 నెలల్లో, కొన్ని కంపెనీల ఫారాల్లో అంతకంటే ఎక్కువ కాలంలో, పొగాకును గానీ నికోటిన్‌ను గానీ ఏ రూపంలోనైనా వాడారా అన్న దగ్గర మొదలవుతుంది. సిగరెట్టు, బీడీ, చుట్ట, పైపు, ఖైనీ అన్నీ ఆ ఒక్క ప్రశ్న కిందికే వస్తాయి. కోటి రూపాయల పాలసీకి వైద్య పరీక్షలు అడగడం మామూలే. నికోటిన్ శరీరంలో విడిపోయినప్పుడు ఏర్పడే కోటినిన్ అనే పదార్థం కొన్ని రోజుల పాటు మూత్రంలో కనిపిస్తుంది కాబట్టి, ఆదివారం రాత్రి తాగిన పైపు సోమవారం ఉదయం ఇచ్చిన నమూనాలో బయటపడే అవకాశం ఉంది. పరీక్షలో బయటపడకపోయినా ప్రమాదం పోదు. బీమా చట్టంలోని 45వ సెక్షన్ ప్రకారం పాలసీ మొదలైన మూడేళ్ల లోపు, ముఖ్యమైన విషయాన్ని దాచారన్న కారణంతో కంపెనీ క్లెయిమును తిరస్కరించగలదు. మూడేళ్లు దాటితే ఏ కారణంతోనూ ప్రశ్నించరాదని అదే సెక్షన్ చెబుతున్న మాట నిజమే. కానీ ఆ మూడేళ్లలో మీకేమైనా జరిగితే, మీరు పెట్టిన ఒక్క సంతకానికి సమాధానం చెప్పుకుంటూ కార్యాలయాల చుట్టూ తిరగవలసింది మీ భార్య. ఏడాదికి 14 వేలు ఆదా చేసుకోవడానికి ఆ భారాన్ని ఆమె మీద పెట్టడం న్యాయం కాదని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ 14 వేలను బీమా ఖర్చుగా చూడకండి, పైపు ఖర్చుగానే లెక్కించండి. వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియంపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు కాబట్టి మీకు చెప్పిన తేడాకు పైన ఇంకేమీ కలపనక్కరలేదు. మామూలు పైపులో ఒక్కసారికి సుమారు రెండున్నర గ్రాముల పొగాకు పడుతుంది. ఏడాదికి 104 సార్లంటే 260 గ్రాములు, అంటే ఐదు డబ్బాలకు కాస్త ఎక్కువ. దాని ఖరీదు 15,600 రూపాయలు. శుభ్రం చేసే పుల్లలకూ అగ్గిపెట్టెలకూ నెలకు 200 రూపాయలు వేసుకుంటే మొత్తం 18 వేలు. దానికి ప్రీమియం తేడా కలిపితే ఏడాదికి 32 వేలు. పైపు వెలిగించిన ప్రతిసారీ 150 రూపాయలు అవుతోందని మీరు అనుకుంటూ ఉండవచ్చు. నిజానికి 300 రూపాయలు దాటుతోంది.

ఇది మానేయమని చెప్పడానికి వేసిన లెక్క కాదు. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మీ నిదానం. టీ తాగిన ప్రతిసారీ, ఫోను మోగిన ప్రతిసారీ చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లే అలవాటు నుంచి, పొగాకును అడుగున వదులుగా, మధ్యలో కాస్త దిట్టంగా, పైన మరికొంత గట్టిగా నింపి, ఒకసారి వెలిగించి, పైకి ఉబ్బిన ఆకును మెల్లగా నొక్కి, మళ్లీ వెలిగించి ముప్పావుగంట కదలకుండా కూర్చునే స్థితికి రావడం చిన్న మార్పు కాదు. తొందరపడి పీలిస్తే పైపు వేడెక్కి నాలుక మండుతుంది. నిదానం లేనివారికి అందులో రుచే తెలియదు. క్రెడిట్ కార్డు బకాయిలు తీరడం కూడా ఇదే కాలంలో జరిగిందంటే నాకు ఆశ్చర్యం లేదు. అప్పటికప్పుడు కావాలనే తహతహను ఒకచోట ఆపగలిగిన మనిషి, ఇంకొకచోట కూడా ఆపగలుగుతాడు.

అయితే మితం అన్నది మనసులో అనుకుంటే సరిపోదు, కాగితం మీద కనిపించాలి. మీ లెక్క ప్రకారం ఒక డబ్బా ఇరవై సార్లకు, అంటే పది వారాలకు రావాలి. డబ్బా తెరిచిన రోజున మూత మీద తేదీ రాయండి; పొగాకును గట్టి మూత ఉన్న గాజు సీసాలోకి మార్చితే అన్ని వారాలూ ఎండిపోకుండా ఉంటుంది. డబ్బా ఆరు వారాలకే ఖాళీ అయితే, ఏ వారంలో హద్దు దాటారో అప్పుడే ఆలోచించండి. రోజూ ఒకసారి తాగడం మొదలైతే పొగాకుకే నెలకు 4,500 దాటుతుంది, ప్రీమియం తేడా కలిపితే 5,700 అవుతుంది. సిగరెట్ల నాటి 6 వేలకు అది ఎంత దగ్గరో చూడండి. విదేశాల నుంచి వచ్చే బంధువుల చేత తెప్పించుకోవాలనుకుంటే, ప్రయాణికులు సుంకం లేకుండా తేగలిగే పొగాకు 125 గ్రాములే, అంటే రెండు డబ్బాలు. అంతకుమించి తెమ్మని వారిని ఇబ్బంది పెట్టకండి.

ఆరోగ్యం నా వృత్తి పరిధిలోనిది కాకపోయినా, వైద్య ఖర్చులు నేను వేసే ప్రతి ప్రణాళికలోనూ ఉంటాయి కనుక ఒక మాట చెప్పాలి. పైపు పొగను లోపలికి పీల్చకపోయినా నికోటిన్ నోటి పొర ద్వారానే రక్తంలో కలుస్తుంది. నోటి క్యాన్సర్ ముప్పు సిగరెట్టు మానినంత మాత్రాన పోదు. పైగా సిగరెట్ల నుంచి పైపుకు మారినవారు పాత అలవాటు కొద్దీ, తమకు తెలియకుండానే పొగను పీల్చడం వైద్యులు గమనించిన విషయం. ఏడాదికోసారి దంతవైద్యుడి చేత నోరంతా పరీక్ష చేయించుకునే ఖర్చును కూడా ఈ పద్దులోనే రాసుకోండి. ఆరోగ్య బీమా ఫారంలోనూ పైపు సంగతి దాచవద్దు.

ఇక మదుపు. సిగరెట్ల 6 వేలలోంచి పైపు ఖర్చు 1,500, ప్రీమియం తేడా నెలకు సుమారు 1,170 పోగా 3,300 రూపాయలు మిగులుతాయి. ఆరు నెలల ఇంటి ఖర్చులకు సరిపడా సొమ్ము బ్యాంకులో లేకపోతే ముందు అక్కడికే మళ్లించండి. ఉంటే, జీతం పడిన మరుసటి రోజే ఇండెక్స్ ఫండులో (షేర్ల సూచీలో ఉన్న కంపెనీలన్నిటిలో డబ్బు పెట్టే మ్యూచువల్ ఫండు) సిప్ రూపంలో, అంటే ప్రతి నెలా అంతే మొత్తం చొప్పున, వేయండి. అరవయ్యో ఏట దాకా పదమూడేళ్లు ఆపకుండా కొనసాగించి, ఏడాదికి సగటున 10 శాతం రాబడి వస్తే (ఇది అంచనా మాత్రమే, ఎవరూ హామీ ఇవ్వలేరు) సుమారు పదిన్నర లక్షలు చేతికొస్తాయి. పైపు కూడా లేకుండా మొత్తం 6 వేలూ వేసి ఉంటే అదే లెక్కన 19 లక్షలు దాటేవి. ఈ రెండు అంకెలనూ మీ భార్యకు చూపించి, మధ్యనున్న ఎనిమిదిన్నర లక్షల పైచిలుకు వారాంతపు సాయంత్రాలకు తగిన వెలేనా అన్నది ఇద్దరూ కలిసి తేల్చుకోండి. తగినదే అనుకుంటే సంకోచం లేకుండా ఖర్చు చేయండి. సంపాదించిన మనిషి తనకు ఇష్టమైన దానికి కొంత ఖర్చు చేసుకోవడం తప్పు కాదు. మున్ముందు పైపు కూడా మానేస్తే, ఫారంలో అడిగే కాలం గడిచాక ప్రీమియం తగ్గిస్తారేమో కంపెనీని రాతపూర్వకంగా అడగండి. ఒప్పుకోకపోతే, అప్పటి వయసుకు పొగ తాగనివారి కొత్త పాలసీ ఎంతకు వస్తుందో చూసి, కొత్తది చేతికొచ్చాకే పాతది వదలండి.

45 వేల పైపు పెట్టుబడి కాదు. మధ్యధరా ప్రాంతపు పొద వేరు నుంచి తీసే బ్రయర్ కర్రకు మంచి నగిషీ, పేరున్న ముద్ర ఉంటే ధర పెరుగుతుంది. కానీ ఒకసారి వెలిగించిన పైపును అమ్మబోతే కొన్న ధర రావడం అరుదు, మన దగ్గర కొనేవారిని వెతకడమే కష్టం. తాగిన పైపులో తేమ ఆరడానికి కనీసం ఒక రోజు విరామం ఇవ్వాలి కాబట్టి వరుసగా రెండు రోజులు తాగే మీకు రెండు పైపులు అవసరం, మూడోదానితో పని లేదు. ఇప్పటికి ఒక్కటే ఉంటే, కర్రలో లోపం లేని మామూలు బ్రయర్ ఇంకొకటి కొనుక్కోండి. ఆ ఖరీదైన పైపు మీదే మనసుంటే, బోనసులోంచి మొదటి ఏడాది ప్రీమియం 38 వేలు కట్టి, పాలసీ పత్రం ఇంటికి వచ్చాక, మిగిలిన సొమ్ముతో కొనండి. దాన్ని ఆస్తుల పట్టికలో మాత్రం రాయకండి.