వాయిదాల మధ్య మనిషిని రాయమ్మా

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. ములాఖత్ ఘట్టం బాగుంది. కానీ ‘నిర్దోషి అనగానే అతని గుండెల మీది బరువు దిగిపోయింది’ అన్న వాక్యం దగ్గర నాకు కోపం వచ్చింది. మూడేళ్లు రిమాండులో మగ్గినవాడికి అంత తేలిగ్గా దిగుతుందా?

నీ ముద్దాయిది మామూలు దొంగతనం కేసు. దానికి గరిష్ఠ శిక్షే మూడేళ్లు. అంటే తీర్పు రాకముందే శిక్షంతా అనుభవించేశాడు! 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత అనే నేర విచారణ చట్టం 479వ సెక్షన్ ప్రకారం, అదే మొదటి కేసైతే, ఏడాది నిండగానే బాండు మీద వదలాలి. ఎందుకు వదల్లేదు? ఎవరూ పట్టించుకోలేదా? కథ అక్కడుందమ్మా.

శిక్ష పడ్డవాడికి విడుదల తేదీ తెలుసు. విచారణ ఖైదీకి తెలిసేది వచ్చే వాయిదా ఒక్కటే. 2022 చివరికి మన జైళ్లలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది ఇలాంటివాళ్లే. నిర్దోషి అన్నాక కూడా బయటపడనివాళ్లున్నారు. బీహారులో రుదుల్ షా అనే ఖైదీ 1968లో నిర్దోషిగా తేలినా 1982 దాకా జైల్లోనే ఉన్నాడు. ఎందుకంటే అతనికి మతిస్థిమితం లేదన్నారు అధికారులు. సుప్రీంకోర్టు అడిగితే తగిన వైద్యాధారం చూపలేకపోయారు.

నేను ప్లీడరు గుమాస్తాగా ఉన్న రోజుల్లో ఒక కూరగాయల వ్యాపారి బెయిలు మీద తిరిగేవాడు. వాయిదా చీటీ ప్లాస్టిక్ కవరులో చుట్టి జేబులో పెట్టుకునేవాడు. ముందురోజు అన్నం సయించేది కాదు. కూతురి పెళ్లికి పురోహితుడి కన్నా ముందు నన్నడిగాడు, “ఆ వారంలో వాయిదా పడదు కదా బాబూ” అని. కేసు కొట్టేశాక కూడా ఖాకీ చొక్కా కనబడితే బండి తోసుకుంటూ సందులోకి తప్పుకునేవాడు. అతని మీద కథ రాస్తే ఒక వారపత్రిక సంపాదకుడు, బోనులో ఆవేశంగా మాట్లాడే ఘట్టం లేదని తిప్పి పంపాడు. ఆ మనిషి కోర్టులో పలికిందల్లా, పేరు పిలిచినప్పుడు “ఉన్నానండి” అన్న మాటే! సంపాదకులకు ఇప్పటికీ లాయర్ల వాగ్యుద్ధాలే కావాలి. వాళ్ల కోసం రాయకు.

ఆ చివరి పేజీ కొట్టేసి, అతను ఇంటికి చేరిన రాత్రి నుంచి రాయి. తలుపు చప్పుడైతే ఏం చేస్తాడో, ఇన్నాళ్లూ ఎక్కడున్నావని కొడుకు అడిగితే ఏ మాట దాటవేస్తాడో రాయి. పోటీకి ఇప్పుడే పంపకు. ముందు నాకు పంపు.