పూత ఊడిందా, లేచిందా?

సందేహం: గ్యాస్ టర్బైన్ బ్లేడ్లకు వేడి తగలకుండా వేసే పూతలను పరీక్షించే పనిలో ఉన్నాను. ‘నాన్ డిస్ట్రక్టివ్ టెస్టింగ్’ (ఎన్‌డీటీ)ను ‘విధ్వంసరహిత పరీక్ష’ అనవచ్చా? ‘థర్మోగ్రఫీలో పూత పెచ్చులూడినట్టు కనిపించింది’ అని రాస్తే మా ఇంజినీరు గారు కొట్టేశారు. తప్పేమిటి? పూత అనాలా, లేపనం అనాలా?
– ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం

సమాధానం: ఇంజినీరు గారిదే సబబు. ఊడినది కంటికే కనిపిస్తుంది, దానికి వేడిని పట్టి చూపే థర్మోగ్రఫీ కెమెరా దండగ. విశాఖ సముద్రపు గాలికి దెబ్బతిన్న గోడను చూడండి: ముందు పెచ్చు లేస్తుంది, తడితే డొల్లగా మోగుతుంది, ఆ తర్వాతే ఊడుతుంది. బ్లేడు మీదా ఇదే వరస. ఇట్రియా కలిపిన జిర్కోనియా అనే సిరామిక్ పైపూతకూ దాని కింది లోహపు బంధ పొరకూ నడుమ, ఇంజను వేడికి అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పొర పెరుగుతుంది. అది కొన్ని మైక్రాన్ల మందమెక్కాక, వేడెక్కి చల్లారిన ప్రతిసారీ పైపూత పట్టు సడలుతూ వస్తుంది. ఫ్లాష్ దీపంతో ఒక్క క్షణం వేడి తగిలించి చూస్తే, అడుగున గాలి చేరిన చోట వేడి లోహంలోకి దిగలేక చుట్టుపక్కల కంటే ఎక్కువసేపు నిలుస్తుంది. కెమెరా పట్టేది దాన్ని. కనుక ‘పైపూత లేచినట్టు’ అని రాయండి. ఆ అల్యూమినాను ‘తుప్పు’ అని మాత్రం రాయకండి. తుప్పు ఇనుముది, చిలుము ఇత్తడిది. ఇది ఆక్సైడ్ పొర, అంతే.

‘పగుళ్లున్నాయి’ అని ఊరుకున్నా చిక్కే. ప్లాస్మా అనే అతి వేడి వాయువుతో కరిగించి చిమ్మిన పూతలో సన్నని పగుళ్లు పుట్టుకతోనే ఉంటాయి, అవి లోపం కాదు. ఎక్కడ, ఏ దిశలో, ఎంత పొడవో చెప్పాలి.

ఇక విధ్వంసం ఊళ్లకూ కోటలకూ పట్టే మాట. బ్లేడు ముక్క కోసి మైక్రోస్కోపు కింద పెట్టడాన్ని అంత పెద్ద మాట అనక్కర్లేదు. ‘చెడగొట్టని పరీక్ష’ చాలు. ‘చెడని పరీక్ష’ అనరాదు: చెడు అకర్మకం, అప్పుడు చెడనిది పరీక్షే అవుతుంది. ‘చెరచని’ వ్యాకరణానికి సరే గానీ, నేటి వాడుకలో అర్థం ఎటో పోతుంది. షాపులో అందరూ అనే ఎన్‌డీటీని అలాగే ఉంచినా నాకు అభ్యంతరం లేదు.

లేపనం ఒంటికి రాసేది. కోయు నుంచి కోత వచ్చినట్టే పూయు నుంచి పూత. పొడిని కరిగించి చిమ్మినా, గిన్నెలకు కళాయి వేసినా పూతే. దాని మందం రాసేటప్పుడు ఏ గేజీతో కొలిచారో కూడా రాయండి. నికెల్ మిశ్రలోహపు బ్లేడు మీద అయస్కాంత గేజీ పనిచేయదు; లోహంలో సుడి విద్యుత్తు పుట్టించి కొలిచే ఎడ్డీ కరెంటు ప్రోబు కావాలి.