డండీలో జనపనార మిల్లుల చరిత్ర ఒక్క రోజులో చూడాలంటే ఎలా?

ప్రశ్న: స్కాట్లండ్‌లోని డండీకి చదువు కోసం వచ్చాను. ఒకప్పుడు ఈ ఊరు ప్రపంచానికంతటికీ గోనెసంచులు నేసిందంటారు. నాకేమో నదీతీరాన కొత్త మ్యూజియం, హోటళ్లు తప్ప ఏమీ కనబడటం లేదు. ఒక్క ఆదివారంలో ఏమేం చూడవచ్చు? అసలు జనపనార పండని ఊళ్లో ఆ పరిశ్రమ ఎందుకు పుట్టింది?

జవాబు:

ముందు మీ రెండో ప్రశ్న చూద్దాం. అది అర్థమైతే ఊళ్లో ఏం చూడాలో సగం తెలిసిపోతుంది. ఒక్క ముక్కలో చెప్పాలంటే, నూనె వల్ల. తిమింగిలం నూనె.

జనపనార బెంగాల్ నుంచి ఓడల్లో వచ్చేది. అవిసెనారతో ముతక బట్ట నేయడం డండీకి అప్పటికే తెలుసు, మరమగ్గాలూ ఉన్నాయి. కానీ ఎండిపోయిన జనపనారను ఆ యంత్రాల్లో పెడితే పుటుక్కున తెగి పొట్టుపొట్టయ్యేది. నూనె, నీళ్లు కలిపి పట్టిస్తే నార మెత్తబడి సాగుతుందని 1830ల్లో తెలిసొచ్చింది. డండీ తిమింగిలాల వేట రేవు కూడా కాబట్టి నూనెకు కొదవ లేదు. తర్వాత క్రిమియా యుద్ధంతో రష్యా అవిసెనార రావడం కష్టమైంది, అమెరికా అంతర్యుద్ధంతో సంచులకు గిరాకీ పెరిగింది. ఊరు జనపనార వైపు తిరిగిపోయింది.

ఇక చూడాల్సినవి. మొదట వెస్ట్ హెండర్సన్స్ వైండ్‌లోని వర్డెంట్ వర్క్స్‌కి వెళ్లండి. రైల్వే స్టేషన్ నుంచి పావుగంట నడక. 1833లో అవిసెనార మిల్లుగా కట్టారు, 1996లో మ్యూజియంగా తెరిచారు. చలికాలంలో తెరిచే రోజులు, వేళలు తగ్గుతాయి. ముందురోజే వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకోండి. డిసెంబరులోనైతే మూడున్నర దాటగానే చీకటి పడుతుంది కనుక బయట చూసేవి పొద్దున్నే ముగించుకుని, లోపల చూసేవి మధ్యాహ్నానికి ఉంచుకోండి.

లోపలికి వెళ్లినవాళ్లు చాలామంది గడగడలాడే మగ్గం దగ్గర వీడియో తీసుకుని వచ్చేస్తారు. అలా కాకుండా నార నడిచిన దారిలో నడవండి. మొదట బేలు, అంటే నార కట్ట. వ్యాపారంలో బేలంటే 400 పౌండ్లు, అంటే సుమారు 180 కిలోలు, రాయిలా బిగించి ఉంటుంది. దాన్ని విప్పి, గాడులున్న రోలర్ల మధ్య నలుపుతూ నూనె, నీళ్లు చిలకరిస్తారు. దీన్నే బ్యాచింగ్ అంటారు. ఆపైన ఒక రోజో రెండు రోజులో కుప్ప వేసి ఊరబెడతారు. మన ఇళ్లల్లో పిండి తడిపి నాననిచ్చినట్టే, తొందరపడితే పని చెడుతుంది. నూనె తక్కువైతే తర్వాతి యంత్రంలో నార తెగి గదంతా దుమ్ము లేస్తుంది. ఎక్కువైతే బట్టకు మరకలు, వాసన, ఆ సంచిలో పోసిన తిండిగింజలకూ అదే వాసన. మొక్క మొదలు వైపు నార మరీ మొరటుగా ఉంటుంది, ఎంత నానబెట్టినా అంతగా లొంగదు. అందుకే మొదళ్లు కోసి వేరు చేసి, ముతక సంచిగుడ్డ పేకకు వాడేవారు. అక్కడ నార ముట్టుకోనిస్తే రెండు కొసలూ వేళ్లతో నలిపి చూడండి, తేడా ఇట్టే తెలుస్తుంది.

తర్వాత కార్డింగ్. దూది ఏకడం లాంటిదే, కాకపోతే ముళ్లున్న పెద్ద పెద్ద పీపాలతో, రెండు విడతలుగా. మిల్లు మొత్తంలో దుమ్ము ఎక్కువ ఇక్కడే. ఆ దుమ్మును అక్కడివాళ్లు 'స్టూర్' అంటారు. ఆ వచ్చిన పట్టీలను సాగదీసి, పురిపెట్టి, వడికి, కండెలకు చుట్టి, పడుగు బీములెక్కించి, చివరికి మగ్గానికి. నేసిన గుడ్డను బరువైన రోలర్ల కింద నొక్కి చదును చేయడంతో పని పూర్తి. మన కిరాణా కొట్టులో పొట్లం కట్టే పురికొస కూడా ఈ నారదే.

మిల్లులో ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు. వాళ్లకు తక్కువ కూలి ఇస్తే సరిపోయేది మరి. పద్దెనిమిదేళ్లు నిండి పెద్దవాళ్ల కూలి అడిగే వయసు రాగానే చాలామంది కుర్రాళ్లను మానిపించేవారు. ఆడవాళ్లు పనికి వెళ్తే ఇంట్లో ఉండిపోయిన మగవాళ్లకు 'కెటిల్ బైలర్స్', అంటే టీనీళ్లు కాచేవాళ్లు, అని పేరు పడింది. ఆడవాళ్లలోనూ అంతరాలున్నాయి. నేత పనివాళ్లు టోపీ, చేతితొడుగులు వేసుకుని దర్జాగా వచ్చేవారు, వడికేవాళ్లు శాలువా కప్పుకుని వచ్చేవారు. మగ్గాల హోరులో మాట వినబడదు కనుక పెదవుల కదలికలు, చేతిసైగలతో మాట్లాడుకునేవారు. ముసలితనానికి చెవుడు మామూలే. మగ్గం నడిపి చూపించేటప్పుడు ఒక్కదాని చప్పుడే ఎలా ఉందో గమనించి, అలాంటివి కొన్ని వందలు ఒకే షెడ్డులో ఊహించుకోండి.

మ్యూజియం తర్వాత వీధుల్లో చూడాల్సింది చాలా ఉంది, కానీ పోల్చుకోవడం తెలియాలి. నాలుగైదు అంతస్తులుండి, వరసగా ఒకే కొలత కిటికీలతో పొడవుగా సాగితే అది వడికే మిల్లు. ఒకే అంతస్తుతో, రంపం పళ్లలాంటి కప్పుతో, అద్దాలన్నీ ఉత్తరం వైపు ఉంటే నేత షెడ్డు. మగ్గాల అదురుకు పై అంతస్తులు ఆగవు కనుక నేతంతా నేలమీదే, ఉత్తరపు వెలుతురైతే నీడలు పడవు. లోపల పోత ఇనుప స్తంభాలు, పైన చిన్నచిన్న ఇటుక కమానులు కనబడితే అది నిప్పు భయంతో కట్టింది. నూనె పట్టిన నార, గాలిలో దుమ్ము, వెలుతురుకు దీపాలు, ఇక చెక్క అంతస్తులైతే చెప్పేదేముంది. ఇప్పుడు వీటిలో చాలావరకు ఫ్లాట్లు. పైకి చూసి మామూలు అపార్ట్‌మెంటు అనుకుని దాటిపోతారు.

ఇందుకు మంచి సాధనం స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం వెబ్‌సైట్‌లోని పాత పటాలు, డబ్బు కట్టక్కర్లేదు. డండీ తెరిచి, మైలుకు 25 అంగుళాల కొలతలో ఉన్న పాత సర్వే పటం ఎంచుకుని, ఇప్పటి ఉపగ్రహ చిత్రం పక్కపక్కన పెట్టుకోండి. 'జూట్ వర్క్స్' అని రాసిన చోట్లన్నీ ఫోన్‌లో గుర్తు పెట్టుకుని నడవండి. చిన్న కొలత పటం తీసుకుంటే పేర్లుండవు, నల్లటి గళ్లు మాత్రమే కనబడతాయి. ఎక్కువమంది అక్కడే విసిగిపోయి వదిలేస్తారు.

లోకీకి తప్పకుండా వెళ్లండి, ఊరి నడిబొడ్డు నుంచి బస్సులున్నాయి. కాక్స్ సోదరుల క్యాంపర్‌డౌన్ వర్క్స్ అక్కడిదే. మంచి రోజుల్లో సుమారు 5,000 మంది పనిచేసేవారు, ప్రపంచంలోకెల్లా పెద్ద జనపనార కార్ఖానా. 1981లో మూతపడింది. మిగిలిన పొగగొట్టం, కాక్స్ స్టాక్, ఎత్తు 282 అడుగులు. రంగురంగుల ఇటుకలతో ఇటలీ గంటస్తంభంలా కట్టారు. పొగ వదిలే గొట్టానికి ఇంత సింగారమా అనిపిస్తుంది. యజమానుల గొప్ప దూరం నుంచే కనబడాలిగా మరి! చుట్టూ ఐర్లండ్ నుంచి పనికొచ్చినవాళ్లు ఎక్కువగా ఉండటంతో లోకీకి 'లిటిల్ టిప్పరరీ' అనే పేరుండేది.

చివరికి 'లా' కొండెక్కండి, 572 అడుగులు. స్కాట్స్‌లో 'లా' అంటేనే కొండ, కాబట్టి 'లా హిల్' అంటే 'కొండ కొండ' అన్నట్టే. పైనుంచి కాక్స్ స్టాక్, టే నది, రైలు వంతెన కనబడతాయి. వంతెన పక్కనే నీళ్లలో మొండి స్తంభాలుంటాయి, అవి 1879 డిసెంబరు 28 రాత్రి గాలివానలో రైలుతో సహా కూలిన పాత వంతెనవి. రైల్లో ఉన్న ఒక్కరూ బతకలేదు. ఎడిన్‌బరా నుంచి రైల్లో వస్తే కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి, అవి దగ్గరగా కనిపిస్తాయి.

టైం మిగిలితే రేవులో డిస్కవరీ ఓడ చూడవచ్చు. అంటార్కిటికా యాత్రకు 1901లో ఇక్కడే కట్టారు. మంచుసముద్రాలకు తట్టుకునే చెక్క ఓడలు కట్టడం తిమింగిలాల వేట వల్ల ఈ ఊరికి వచ్చిన విద్యే. కెయర్డ్ హాల్ జనపనార వ్యాపారి జేమ్స్ కెయర్డ్ డబ్బుతో కట్టింది, బయటనుంచి చూస్తే చాలు.

మరి పరిశ్రమ ఎందుకు పోయింది? 1855లో జార్జ్ ఆక్లండ్ కలకత్తా దగ్గర రిష్రాలో మిల్లు పెట్టాడు, యంత్రాలు డండీవే. తర్వాత డండీ నుంచి యంత్రాలతోపాటు మేస్త్రీలూ, మేనేజర్లూ హుగ్లీ ఒడ్డుకు వరసకట్టారు. నార పండేచోటే మిల్లు, కూలి డండీకన్నా తక్కువ. ఆ శతాబ్దం ముగిసేసరికి కలకత్తా డండీని దాటేసింది. మిగిలిన వ్యాపారాన్ని 1960ల తర్వాత ప్లాస్టిక్ దారం తినేసింది. డండీలో జనపనార వడకడం 1999లో ఆగిపోయింది.

మన వైపు సంబంధం కూడా ఒకటుంది. జనపనారతోపాటు బజారులో 'బిమ్లిపట్నం జూట్' అని మరో నార నడిచేది. అది భీమునిపట్నం రేవు పేరుతో నడిచిన మన గోగునార. గోంగూర కుటుంబపు మొక్కే. పాత వ్యాపార పత్రాలు చూసేటప్పుడు 'బిమ్లి' అని కనబడితే అది బెంగాల్ సరుకు కాదని గుర్తుంచుకోండి. అలాంటి కంపెనీ రికార్డులు డండీ విశ్వవిద్యాలయం ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అయితే ఆదివారం కాదు, పనిదినాన, ముందుగా ఈమెయిల్ పెట్టి ఏ కంపెనీ, ఏ సంవత్సరాలో రాసి వెళ్లండి. 'జనపనార గురించి ఏమైనా' అని అడిగితే ఏ పెట్టె తీసివ్వాలో వాళ్లకీ తెలియదు.