సర్వే సగంలో ప్రశ్నలు మార్చమంటే?

ప్రశ్న: మహబూబ్‌నగర్ జిల్లాలో ఓ స్వచ్ఛంద సంస్థకు కన్సల్టెంటుగా మూడు మండలాల్లో 400 ఇళ్ల సర్వే చేస్తున్నాను. 150 ఇళ్లు అయ్యాక, ‘వలసల మీద నాలుగు ప్రశ్నలు కలపండి, అప్పుల ప్రశ్నలో ఏడాదికి బదులు ఆరు నెలలని అడగండి’ అంటున్నారు. ఒప్పుకోవాలా, కుదరదనాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: వలస ప్రశ్నలు కలపొచ్చు. అప్పుల ప్రశ్నను మాత్రం ముట్టుకోకండి. ఏడాది లెక్క చెప్పిన 150 ఇళ్లనూ, ఆరు నెలల లెక్క చెప్పే 250 ఇళ్లనూ ఒకే పట్టికలో కూడలేం. పాత ప్రశ్న అలాగే ఉంచి, కింద ‘అందులో ఈ ఆరు నెలల్లో తీసుకున్నదెంత?’ అని మరొకటి చేర్చండి. ఫోన్లో సర్వే చేసే యాప్ కోబో అయినా ఓడీకే అయినా దానికి కొత్త కాలమ్ పేరు పెట్టాలి. ఎన్యుమరేటర్లు (ఇంటింటికీ వెళ్లి ప్రశ్నలడిగేవారు) పూర్తయిన ఫారాలన్నీ పంపేశాకే కొత్త ఫారం దించుకోవాలి. మర్నాడు ఊళ్లోకి దిగేముందు ప్రతి ఫోనూ తెరిచి ఫారం వెర్షన్ చూడండి. ‘అడగలేదు’కు ఒక కోడ్, ‘లేదు’కు మరో కోడ్ ఉండాలి.

వలసల దగ్గర అసలు చిక్కు వేరే ఉంది. అయిపోయిన 150 ఇళ్లూ ఒకే మండలానివైతే, కొత్త జవాబులు మిగతా రెండు మండలాలకే చెల్లుతాయి. ఆ 150లో లాటరీ తీసి 50 ఇళ్లకు మళ్లీ వెళ్లండి. ఆ 50లో ఒక్కో ఇల్లు 150లో మూడిళ్లకు బదులు కాబట్టి, లెక్కలో ఒక్కో ఇంటికి మూడిళ్ల బరువు ఇవ్వండి.

తాళం వేసిన ఇళ్ల సంగతి కూడా ఇప్పుడే చూడండి. తాళం ఉంటే పక్కింటికి వెళ్లమని చెప్పి ఉంటే, కుటుంబమంతా ముంబయికో పుణెకో పోయిన ఇళ్లే జారిపోయి ఉంటాయి. పాలమూరులో ఇది చిన్న పొరపాటు కాదు, వలస పోయినవాళ్లను వదిలేసి వలసను లెక్కపెట్టడమే. పొలం పనికెళ్లినవాళ్లు పొద్దుగూకాక దొరుకుతారు. రెండోసారి సాయంత్రం వెళ్లినా తాళమే ఉంటే, ఎన్నాళ్లుగా లేరో పొరుగువారిని అడిగి వేరే షీటులో రాయించండి.

ఫోన్లోనే ‘సరే’ అనకండి. పది ఇళ్లలో కొత్త ప్రశ్నలు అడిగి చూసి, సంస్థకు అరపేజీ మెయిల్ పంపండి. అందులో లెక్క చెప్పండి: ఇంటికి 6 నిమిషాలు పడితే, మిగిలిన 250, తిరిగి వెళ్లే 50 కలిపి 300 ఇళ్లకు 30 గంటలు. 50 ఇళ్లకు తిరిగి వెళ్లే ఖర్చు అదనం. ఆమోదం రాతలో వచ్చాకే ఫారం మార్చండి.

ప్రశ్న: ఇలా జరగకుండా ఒప్పందంలో ముందే ఏం రాసుకోవాలి?

జవాబు: పైలట్ (కొన్ని ఇళ్లలో ముందుగా చేసే ప్రయోగ సర్వే) అయ్యాక తుది ప్రశ్నావళి మీద సంస్థ సంతకం. ఆ తర్వాత వచ్చే మార్పులకు రోజుకింత అని రేటు. నివేదిక సవరణలు రెండు విడతలకు మించవని కూడా రాయించుకోండి, చాలామంది మరిచిపోయేది ఇదే.