గిటారు మీద కార్డులను జరిపి వాయించడం: రెండు షేపులు, రెండు తీగలు

మీరు మూడు విషయాలు అడిగారు. ఓపెన్ కార్డులు (కొన్ని తీగలను ఖాళీగా మోగనిచ్చే స్వరాల గుంపులు) వచ్చాక ఫ్రెట్‌బోర్డు (ఫ్రెట్లనే గళ్లున్న గిటారు మెడ) అంతటా వాయించాలంటే కార్డుల చార్టులోని బొమ్మలన్నీ బట్టీ పట్టాలా? వేలు నొప్పి పుట్టేలా అదిమినా ఎఫ్ కార్డు ఎందుకు మోగడం లేదు? ఇంత శ్రమ బదులు కేపో (తీగలన్నింటినీ ఒక ఫ్రెట్‌లో అదిమి ఉంచే బిగింపు) కొనుక్కుంటే సరిపోదా? నేనూ విశాఖలోనే ఉంటాను. ఎంవీపీ కాలనీ చుట్టుపక్కల వినాయక చవితి పందిళ్లలో, చిన్న సభల్లో పాడేవారి పక్కన గిటారు వాయిస్తుంటాను. అక్కడ పనికొచ్చినవే చెబుతాను.

ముందు ఆ చార్టును గోడ మీది నుంచి తీసేయండి. మీకు ఇప్పటికే వచ్చిన ఇ, ఎ కార్డుల షేపులు (వేళ్ల అమరికలు) రెండూ చాలు, దాదాపు ఏ పాటనైనా నడిపించవచ్చు. ఓపెన్ కార్డులో ఖాళీ తీగలను ఆపి ఉంచేది నట్, అంటే మెడ చివర తీగలు ఆనే గాట్ల పట్టీ. చూపుడు వేలిని తీగల మీద అడ్డంగా వేస్తే (దీన్నే బార్ అంటారు) ఆ నట్ పని వేలు చేస్తుంది కాబట్టి, షేపు మొత్తాన్ని ఎక్కడికైనా జరపవచ్చు. ఇ షేపులో కార్డుకు పేరిచ్చేది ఆరో తీగ, అంటే అన్నింటికంటే లావైనది. దాని మీద మొదటి ఫ్రెట్ ఎఫ్, మూడు జి, అయిదు ఎ, ఏడు బి, ఎనిమిది సి, పది డి. ఎ షేపుకు పేరిచ్చేది అయిదో తీగ: రెండు బి, మూడు సి, అయిదు డి, ఏడు ఇ, ఎనిమిది ఎఫ్, పది జి. పన్నెండో ఫ్రెట్‌తో వరస మళ్లీ మొదలవుతుంది. బట్టీ పట్టాల్సింది ఏమైనా ఉంటే ఇదే, అదీ చూపు పడగానే నోటికి వచ్చేంతగా.

ఇది ఎందుకు అవసరమో పాడేవారి పక్కన కూర్చుంటే తెలుస్తుంది. మన దగ్గర మగవారు తరచుగా ఒకటిన్నర శ్రుతిలో పాడతారు, ఆడవారు అయిదున్నరలో. ఒకటిన్నర అంటే సి షార్ప్, అయిదున్నర అంటే జి షార్ప్. ఈ రెండింటికీ ఓపెన్ కార్డు లేదు. కానీ చూడండి, ఒకటిన్నర అయిదో తీగ నాలుగో ఫ్రెట్‌లో ఉంది, అయిదున్నర ఆరో తీగ నాలుగో ఫ్రెట్‌లో ఉంది. చెయ్యి కదలకుండా తీగ మారిస్తే చాలు. ఇక, సరిగ్గా వేదిక ఎక్కేటప్పుడు “గొంతు బాగాలేదండీ, అర శ్రుతి దించండి” అనే గాయకులు ప్రతి పందిట్లో ఒకరుంటారు. అప్పుడు మీరు చేయాల్సింది ఒక్క ఫ్రెట్ వెనక్కి రావడమే.

విడివిడి కార్డులుగా కాకుండా గుంపుగా నేర్చుకోండి. ఆరో తీగ మూడో ఫ్రెట్‌లో ఇ షేపు వేస్తే జి. అదే ఫ్రెట్‌లో అయిదో తీగ మీద ఎ షేపు వేస్తే సి. అక్కడి నుంచి రెండు ఫ్రెట్లు ముందుకు జరిగితే డి, ఇంకో రెండు జరిగి ఎ మైనర్ షేపు వేస్తే ఇ మైనర్. ఎన్నో పాటలు ఈ నాలుగు కార్డుల మీదే నడుస్తాయి. మొత్తం గుంపును రెండు ఫ్రెట్లు పైకి తీసుకెళ్తే ఎ, డి, ఇ, ఎఫ్ షార్ప్ మైనర్ వచ్చేస్తాయి. లెక్క మారదు, చోటే మారుతుంది.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఓపెన్ ఇ, ఓపెన్ ఎ మైనర్ ఒకేలా కనిపిస్తాయి కదా? వేళ్ల అమరిక అదే, ఒక తీగ పక్కకు జరిగిందంతే. మరి మేజర్ కాస్తా మైనర్ ఎందుకైంది? పక్కపక్క తీగల మధ్య అయిదు ఫ్రెట్ల దూరం ఉంటుంది, ఒక్క మూడో తీగకూ రెండో తీగకూ మధ్య మాత్రం నాలుగే. షేపు ఆ హద్దు దాటినప్పుడు రెండో తీగ మీది వేలును ఒక ఫ్రెట్ పైకి జరపాలి. జరిపితే అదే ఎ మేజర్. ఈ ఒక్క విషయం అర్థమైతే సి, జి, డి షేపులు కూడా ఎక్కడి నుంచి వచ్చాయో మీరే తేల్చుకోగలరు. సి మేజర్‌ను మూడో ఫ్రెట్‌లో ఎ షేపుగా, అయిదులో జి షేపుగా, ఎనిమిదిలో ఇ షేపుగా, పదిలో డి షేపుగా పట్టుకోవచ్చు. వీటిలో జి షేపును పూర్తిగా పట్టడం వేళ్లకు శిక్ష. నేను దాని పై మూడు తీగలే వాడతాను.

ఎఫ్ సంగతి. అన్ని బార్ కార్డుల్లో కష్టమైనదాన్ని మొదట నేర్పడం ఏ న్యాయమో నాకు అర్థం కాదు. నట్ పక్కనే తీగ బిగువుగా ఉండి వేలికి లొంగదు. పైగా మొదటి ఫ్రెట్ అన్నింటికంటే వెడల్పు. 650 మిల్లీమీటర్ల తీగ పొడవున్న గిటారులో మొదటి ఫ్రెట్ దాదాపు 36 మిల్లీమీటర్లు, అయిదోది 29. కాబట్టి అయిదో ఫ్రెట్‌లో ఇ షేపుతో, అంటే ఎ కార్డుతో మొదలుపెట్టి, ఒక్కో ఫ్రెట్ కిందికి దిగుతూ ఎఫ్ దగ్గరకు రండి. ఇంకో మాట: ఇ షేపులో అయిదు, నాలుగు, మూడు తీగలను మిగతా వేళ్లు పట్టుకుంటాయి. చూపుడు వేలు నిజంగా అదమాల్సింది ఆరు, రెండు, ఒకటి తీగలనే. వేలిని కొద్దిగా పక్కకు, ఎముక వైపుకు తిప్పండి. బొటనవేలితో నొక్కే బదులు మోచేతిని వెనక్కి లాగండి. ఇ మైనర్ షేపులో మూడో తీగ కూడా చూపుడు వేలి మీదే పడుతుంది, అందుకే అది ఇంకాస్త మొండికేస్తుంది.

అయినా మోగకపోతే గిటారును అనుమానించండి. మన సముద్రపు గాలికి తీగలు త్వరగా తుప్పు పడతాయి, గరుకెక్కిన తీగ మీద వేలు జారదు. వానాకాలంలో చెక్క తేమ పీల్చి ఉబ్బితే తీగలు బోర్డుకు ఎత్తుగా లేస్తాయి. వాయించాక పొడిగుడ్డతో తుడవండి, కిటికీ పక్కన గోడకు వేలాడదీయకండి. తీగలు లావైన పన్నెండో నంబరువైతే సన్నని పదో నంబరుకు మార్చి చూడండి. నట్ గాట్లు ఎత్తుగా ఉంటే తెలిసినవారి చేత అరగదీయించండి, సొంతంగా ఆకురాయి పట్టవద్దు.

సాధనకు ఒక సరదా ఉపాయం చెబుతాను. సరళీ స్వరాలు నేర్చుకున్నారా? అవి నేర్పే మాయామాళవగౌళ రాగాన్నే తీసుకోండి. ఎనిమిదో ఫ్రెట్‌లో ఇ షేపు వేసి సి మేజర్ వాయించండి, అది స, గ, ప. షేపును అలాగే ఒక ఫ్రెట్ ముందుకు నెట్టండి. ఇప్పుడు వచ్చే మూడు స్వరాలు రి, మ, ద. మూడూ ఆ రాగంలోవే! వెనక్కి వచ్చేయండి. ఈ రెండు కార్డుల మీద ఎవరైనా జంట స్వరాలు పాడుతుంటే వినసొంపుగా ఉంటుంది, జరపడం కూడా చేతికి అలవాటవుతుంది. అన్ని రాగాలకూ ఇలా కుదురుతుందని అనుకోకండి. శంకరాభరణంలో ఇదే పని చేస్తే అపస్వరం.

కేపో తప్పేమీ కాదు, కొనండి. ఓపెన్ తీగల మోత కావాల్సిన పాటలకు నేనూ పెట్టుకుంటాను. కాకపోతే పాట మధ్యలో శ్రుతి మారితే దాన్ని తీసి పెట్టేంత వ్యవధి ఉండదు. పెట్టినప్పుడు కూడా బార్ కార్డుల లెక్కను నట్ నుంచే వేసుకోండి. మూడో ఫ్రెట్‌లో కేపో ఉన్నా ఆరో తీగ ఎనిమిదో ఫ్రెట్ సి అనే మోగుతుంది.